షేస్ తిరుగుబాటు: మసాచుసెట్స్ రైతులు కోర్టులనే ఎందుకు ఆపారు?

వచ్చిన ప్రశ్న ఇది: "బ్రిటిష్ వాళ్లతో యుద్ధం ముగిసిన మూడేళ్లకే మసాచుసెట్స్ రైతులు సొంత ప్రభుత్వం మీద తుపాకులు ఎత్తారని చదివాను. అప్పులు ఎగ్గొట్టడానికే చేశారా? డేనియల్ షేస్ వాళ్ల నాయకుడేనా? అమెరికా రాజ్యాంగం వీళ్ల వల్లే వచ్చిందంటారు, నిజమేనా?"

మూడింటికీ ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. అప్పులున్న మాట నిజం, కానీ వాళ్లను రోడ్డెక్కించింది ప్రధానంగా పన్ను. షేస్ నాయకుల్లో ఒకడు, అంతే. రాజ్యాంగ సభకు పిలుపు ఈ గొడవ ముదరకముందే వెళ్లింది. అయితే ఆ సభకు ఎవరెవరు వచ్చారు, అందులో ఏం రాశారు అన్నదాని మీద దీని ప్రభావం గట్టిగానే ఉంది. ఇక వివరంగా చూద్దాం.

నేను చాలాకాలం సివిల్ కోర్టుల్లో బాకీ దావాలు నడిపాను. ప్రోనోటు, దావా, డిక్రీ (బాకీ కట్టమనే తీర్పు), జప్తు, వేలం, ఈ వరస నాకు కొట్టినపిండి. అందుకే ఈ రైతుల కథ చదివినప్పుడు నన్ను ముందుగా ఆకట్టుకున్నది వాళ్లు ఎంచుకున్న చోటు. మొదటి నెలల్లో వాళ్లు అప్పిచ్చిన షావుకారు ఇంటి మీద పడలేదు, ఖాతా పుస్తకాలు తగలబెట్టలేదు. జడ్జీలు బెంచి ఎక్కే రోజు తెలుసుకుని వచ్చి కోర్టు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. కోర్టు కూర్చోకపోతే డిక్రీ లేదు. డిక్రీ లేకపోతే జప్తు లేదు. ఏ కీలు దగ్గర పట్టుకుంటే యంత్రం ఆగుతుందో వాళ్లకు బాగా తెలుసు.

అప్పుల సంగతి ముందు చూద్దాం. 1783లో పారిస్ ఒప్పందం కుదిరాక బ్రిటిష్ వ్యాపారులు బోస్టన్ వర్తకులకు సరుకు అరువు మీద కుమ్మరించారు. అంతలోనే బ్రిటన్ తన వెస్టిండీస్ రేవుల్లోకి అమెరికన్ ఓడలు రాకూడదంది. చేపలు, కలప, మాంసం అక్కడ అమ్మి సొమ్ము చేసుకునే దారి మూసుకుపోయింది. లండన్ వాళ్లు బాకీ వెండి బంగారు నాణేల్లోనే కట్టమన్నారు. దాంతో బోస్టన్ వర్తకుడు లోపలి ఊళ్ల దుకాణదారు మీద పడ్డాడు, దుకాణదారు రైతు మీద పడ్డాడు. ఆ పల్లెల్లో అంతవరకు నడిచిన పద్ధతి వేరు. రైతు దుకాణంలో సరుకు తెచ్చుకుని ధాన్యమో, కలపో, నాలుగు రోజుల పనో ఇచ్చి నిదానంగా చెల్లు పెట్టేవాడు. ఇప్పుడు హఠాత్తుగా "నాణెం తే" అన్నారు. ఊళ్లో నాణెమే లేదు.

రాష్ట్రం పడమటి వైపున్న హ్యాంప్‌షైర్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఒక్కదానిలోనే 1784 ఆగస్టు నుంచి 1786 ఆగస్టు వరకు దాదాపు 3 వేల బాకీ దావాలు పడ్డాయి. ఎంత చిన్న బాకీకైనా కోర్టు ఫీజు, వకీలు ఫీజు, కోర్టు ఉత్తర్వులు అమలుచేసే షరీఫు ఖర్చులు వచ్చి కలిసేవి. అసలుతో పోటీపడి ఖర్చులు పెరిగే కేసు ఎంత దారుణంగా ఉంటుందో మా వృత్తిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కట్టలేనివాణ్ణి జైల్లో పెట్టే చట్టం కూడా ఉండేది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం రైతు బతుకుదెరువుకు అవసరమని కోర్టు భావించిన పనిముట్లు, పశువులు, విత్తనాలు జప్తు చేయకూడదు. మసాచుసెట్స్ రైతులు పదేపదే మొత్తుకున్నది ఆ పశువుల గురించే. ఆనాటి ఒక రైతు మాటలు నమోదై ఉన్నాయి: యుద్ధంలో తన వంతు కంటే ఎక్కువే చేశాడట, ఊరి పన్ను, రాష్ట్ర పన్ను, కాంటినెంటల్ (రాష్ట్రాల ఉమ్మడి) పన్ను అన్నీ నెత్తిన వేశారట, షరీఫులూ కానిస్టేబుళ్లూ వసూలుదారులూ తనను ఈడ్చుకు తిరిగారట, తన పశువులను వాటి విలువ కంటే తక్కువకు అమ్మేశారట. ఆ మాటల్లో సగానికి పైగా పన్నుల గురించే ఉంది, గమనించండి.

అసలు విషయం అక్కడే ఉంది. యుద్ధకాలంలో సైనికులకు జీతం బదులు కాగితాలు ఇచ్చారు, ఎప్పుడో చెల్లిస్తామన్న పత్రాలు. వాటి విలువ పడిపోయింది. ఇంటికొచ్చిన సైనికుడికి ఇల్లు గడవాలి కాబట్టి చేతిలో డబ్బున్నవాళ్లకు ముఖ విలువలో కొద్ది భాగానికే అమ్ముకున్నాడు. తర్వాత మసాచుసెట్స్ ప్రభుత్వం ఆ పత్రాలకు దాదాపు పూర్తి విలువ కట్టి, వడ్డీతో సహా త్వరగా తీర్చేస్తామని తీర్మానించింది. అందుకు డబ్బు పన్నుల నుంచే రావాలి. ఒక్క 1786 మార్చిలోనే దాదాపు 3 లక్షల పౌండ్ల పన్ను వేశారు. అందులో దాదాపు మూడో వంతు తలపన్ను. పదహారేళ్లు దాటిన ప్రతి మగవాడి మీదా ఒకే మొత్తం, బోస్టన్ వర్తకుడికీ పడమటి పల్లె పెల్‌హామ్ రైతుకీ తేడా లేదు. ఎదిగిన కొడుకులు ముగ్గురున్న రైతు నాలుగు తలలకు కట్టాలి.

లెక్క ఒకసారి వేసి చూడండి. యుద్ధం చేసినవాడు తన జీతం కాగితాన్ని చిల్లరకు అమ్ముకున్నాడు. కొన్నవాడికి ఇప్పుడు నిండు విలువ ముట్టాలి. ఆ నిండు విలువ కోసం, కాగితం అమ్ముకున్నవాడే వెండి నాణేల్లో పన్ను కట్టాలి. ఆ పత్రాల్లో అత్యధిక భాగం బోస్టన్ చుట్టుపక్కల వారి చేతికి చేరిందనీ, దాదాపు 40 శాతం కేవలం 35 మంది దగ్గరే ఉందనీ చరిత్రకారులు లెక్క తీశారు. గవర్నర్ జేమ్స్ బౌడిన్ దగ్గరా అలాంటి పత్రాలున్నాయి. "ఎగవేతదారులు" అనే మాట ఈ రైతులకు తగిలించేవాళ్లు ముందు ఈ లెక్క చెప్పి ఆ తర్వాత తగిలించాలి.

ఓటుతో మార్చుకోవచ్చు కదా అంటారు. 1780 నాటి మసాచుసెట్స్ రాజ్యాంగంలో ఓటుకు ఆస్తి ఉండాలి, పదవికి ఇంకా ఎక్కువ ఉండాలి. గవర్నర్ కావాలంటే వెయ్యి పౌండ్ల ఆస్తి. శాసనసభ కూర్చునేది బోస్టన్‌లో. ప్రతినిధిని అక్కడ ఉంచే ఖర్చు భరించలేక ఎవర్నీ పంపని ఊళ్లు కూడా ఉన్నాయి. అయినా వాళ్లు మొదట చేసింది అర్జీలు పెట్టడమే, అదీ ఏళ్ల తరబడి. 1786 ఆగస్టు 22న హ్యాంప్‌షైర్ కౌంటీలోని 50 ఊళ్ల ప్రతినిధులు హ్యాట్‌ఫీల్డ్‌లో సమావేశమై తమ ఫిర్యాదులను వరసగా రాశారు: సెనేట్ ఉండటం, వకీళ్ల ఫీజులు, బాకీ దావాలు విచారించే కోర్టు తీరు, చలామణీకి డబ్బు లేకపోవడం, శాసనసభ బోస్టన్‌లో కూర్చోవడం, పన్ను వేసే పద్ధతి. జనం గుంపులు కట్టి గొడవలు చేయొద్దని కూడా అదే కాగితంలో రాశారు. భూములు పంచమని గానీ, అప్పులన్నీ రద్దు చేయమని గానీ అందులో లేదు.

వారం తిరగకుండానే, ఆగస్టు 29న, సుమారు 1,500 మంది నార్తాంప్టన్‌లో కోర్టును కూర్చోనివ్వలేదు. చాలామంది పాత సైనికులే, వరసలు కట్టి డప్పులతో వచ్చారు. సెప్టెంబరు 5న వూస్టర్ వంతు. అక్కడి చీఫ్ జడ్జి ఆర్టెమాస్ వార్డ్ స్వాతంత్ర్య యుద్ధంలో జనరల్. కోర్టు మెట్ల దగ్గర బయొనెట్లు అడ్డం పెట్టారు. ఆయన చాలాసేపు ఉపన్యాసం ఇచ్చాడు, విన్నారు, తప్పుకోలేదు. ఊరి మగవాళ్లతో కూడిన పౌర సైన్యం మిలీషియాను పిలిస్తే రాలేదు. వచ్చినవాళ్లలో కొందరు అవతలి పక్షంలో కలిశారు. అదే నెలలో కాంకర్డ్, టాంటన్, గ్రేట్ బారింగ్టన్‌లలో కూడా గొడవలు రేగాయి.

ఈ పద్ధతి వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదని చాలామందికి తెలియదు. 1774 సెప్టెంబరు 6న ఇదే వూస్టర్‌లో 4,622 మంది మిలీషియా జనం వీధికి రెండు వైపులా బారులు తీరి, బ్రిటిష్ రాజు పేరుతో కూర్చోబోయిన కోర్టును మూయించారు. జడ్జీలు టోపీలు చేత పట్టుకుని ఆ బారుల మధ్య నడుస్తూ తమ పదవులు వదులుకుంటున్నామని మళ్లీ మళ్లీ చదవాల్సి వచ్చింది. దాన్ని దేశభక్తి అన్నారు. అప్పటి వూస్టర్ నాయకుల్లో కమ్మరి టిమొతీ బిగెలో ఒకడు, తర్వాత యుద్ధంలో కల్నల్ అయ్యాడు. 1790లో అతను అప్పుల కింద వూస్టర్ జైల్లో ఉండగానే చనిపోయాడు. 1786 తిరుగుబాటులో అతని పాత్ర లేదు, అయినా ఆ తరం పరిస్థితి అర్థం కావాలంటే అతని సంగతి తెలియాలి. పన్నెండేళ్ల క్రితం సరైనదైన పని ఇప్పుడు దేశద్రోహం ఎలా అయిందన్నది రైతుల ప్రశ్న. "ఇప్పుడున్నది మనం ఎన్నుకున్న ప్రభుత్వం కాబట్టి" అన్నది బోస్టన్ జవాబు. శామ్యూల్ ఆడమ్స్ లాంటి పాత విప్లవకారుడే, రాచరికంలో తిరుగుబాటుదారుణ్ణి క్షమించొచ్చు గానీ గణతంత్రం చట్టాల మీద తిరగబడ్డవాడికి మరణమే తగిన శిక్ష అని వాదించాడు. ఆ వాదనలో బలం లేదని నేను అనను. కానీ తలపన్ను కట్టక తప్పని మనిషికి ఓటు లేని చోట అది సగం వాదనే.

షేస్ గురించి అడిగారు. హాప్కింటన్‌లో పేద ఐరిష్ కుటుంబంలో పుట్టాడు, కూలి పనులు చేశాడు. స్వాతంత్ర్య యుద్ధంలో బంకర్ హిల్ నుంచి సరటోగా, స్టోనీ పాయింట్ దాకా పోరాడి కెప్టెన్ అయ్యాడు. ఫ్రెంచ్ సేనాని లఫాయెట్ బహుమతిగా ఇచ్చిన కత్తిని డబ్బు అవసరమై అమ్ముకున్నాడు. పెల్‌హామ్‌లో చిన్న పొలం, బాకీ దావాలు. తాను నాయకుణ్ణి కాదని అతనే చెప్పుకున్నాడు, అది చాలావరకు నిజం. వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లూక్ డే, గ్రోటన్‌లో జాబ్ షాటక్, బర్క్‌షైర్‌లో ఎలై పార్సన్స్, హబ్బర్డ్‌స్టన్‌లో ఆడం వీలర్, ఎవరి ఊరి దళం వాళ్లదే. మోజెస్ శాష్ అనే నల్లజాతి పాత సైనికుడి మీద కూడా అభియోగ పత్రం ఉంది. వాళ్లు తమను తాము "రెగ్యులేటర్లు", అంటే పాలనను దారిలో పెట్టేవాళ్లు, అనుకున్నారు. గుర్తుగా టోపీలో పచ్చని చెట్టు రెమ్మ పెట్టుకునేవారు. ప్రభుత్వ పక్షం వాళ్లు తెల్ల కాగితం ముక్క పెట్టుకున్నారు. "షేస్ తిరుగుబాటు" అని పేరు పెట్టింది అవతలి పక్షమే. ఒక్క మనిషి పేరు పెడితే, కొన్ని కౌంటీల జనం ఫిర్యాదు కాస్తా ఒకడి పన్నాగంలా కనిపిస్తుంది.

ప్రభుత్వం రెండు చేతులా పనిచేసింది. ఒక చేత్తో కొన్ని పాత పన్నులు సరుకు రూపంలో కట్టొచ్చంది, విధేయత ప్రమాణం చేస్తే క్షమిస్తామంది. రెండో చేత్తో అక్టోబరు చివర అల్లర్ల చట్టం తెచ్చింది, నవంబరులో హెబియస్ కార్పస్‌ను, అంటే విచారణ లేని నిర్బంధం నుంచి కాపాడే హక్కును, నిలిపివేసింది. నవంబరు నెలాఖరులో బోస్టన్ వైపు నుంచి వెళ్లిన గుర్రపు దళం గ్రోటన్‌లో షాటక్‌ను పట్టుకుంది. పెనుగులాటలో కత్తి దెబ్బకు అతని మోకాలు తెగింది. ఆ వార్త పడమటి కౌంటీలకు చేరేసరికి ఇంకా పెరిగింది. అప్పటిదాకా "ఎన్నికలయ్యేదాకా కోర్టులు ఆపుదాం" అన్నవాళ్లకు ఇక ప్రాణభయం పట్టుకుంది. నా అంచనాలో కథ మలుపు తిరిగింది ఇక్కడే. విచారణ లేకుండా జైల్లో పడేస్తారన్న టెన్షన్‌లో ఉన్నవాడు ఆయుధాగారం వైపు చూడకుండా ఎలా ఉంటాడు?

1787 జనవరిలో బౌడిన్ 4,400 మందితో సైన్యం కావాలన్నాడు. జనరల్ బెంజమిన్ లింకన్ సేనాధిపతి. ఖజానాలో డబ్బు లేదు. బోస్టన్ వర్తకులు చందాలు వేసుకుని 6 వేల పౌండ్లకు పైగా ఇచ్చారు. అప్పు రాబట్టుకోవాల్సినవాళ్ల చందాతో నడిచిన సైన్యం అది. ప్రభుత్వ సైన్యం అని పుస్తకాల్లో రాసేవాళ్లు ఈ వాక్యం మరిచిపోకూడదు.

రైతుల లక్ష్యం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఆయుధాగారం. దానికి కాపలాగా విలియం షెపర్డ్ దగ్గర సుమారు 1,200 మంది మిలీషియా ఉంది. పథకం మంచిదే: తూర్పు నుంచి షేస్, ఉత్తరం నుంచి పార్సన్స్, కనెక్టికట్ నది అవతలి నుంచి డే, ముగ్గురూ ఒకేసారి చుట్టుముట్టాలి. 25న తన వల్ల కాదు, 26న చేద్దామని డే రాసిన ఉత్తరం దారిలో షెపర్డ్ మనుషుల చేతికి చిక్కింది. ఆ సంగతి తెలియని షేస్, పార్సన్స్ జనవరి 25 సాయంత్రం, లోతుగా పడిన మంచులో, సుమారు 1,500 మందితో ముందుకు కదిలారు. ఆగమని షెపర్డ్ కబురు పంపాడు. ఆగలేదు. మొదటి ఫిరంగి గుళ్లు తలల మీదుగా వదిలారు, అయినా ఆగలేదు. తర్వాత నడుము ఎత్తుకు గురిపెట్టి చిన్న గుళ్ల గుత్తులు పేల్చారు. నలుగురు చనిపోయారు, ఇరవై మంది దాకా గాయపడ్డారు. వెనక వరసల్లోంచి "హత్య, హత్య" అన్న కేకలు లేచాయి, క్షణాల్లో జనం చెదిరిపోయారు. ఆ ఫిరంగులు తప్ప రెండు వైపులా ఒక్క తుపాకీ కూడా పేలలేదు. తమతో కలిసి యుద్ధం చేసిన ఇరుగుపొరుగు మిలీషియా తమ మీద కాల్చదని వాళ్లు గట్టిగా నమ్మారు. అంతకు ముందు నాలుగు నెలల అనుభవం వాళ్లకు నేర్పింది అదే.

ఆ తర్వాతంతా తరుముకోవడమే. ఫిబ్రవరి 3 రాత్రి లింకన్ హ్యాడ్లీ నుంచి బయల్దేరి, మంచు తుపానులో సుమారు 30 మైళ్లు నడిపించి, తెల్లవారాక పీటర్‌షామ్‌లో షేస్ దళం మీద పడ్డాడు. 150 మంది దొరికారు, షేస్ వెర్మాంట్‌కు తప్పించుకున్నాడు. ఫిబ్రవరి 27న పెరెజ్ హామ్లిన్ ముఠా స్టాక్‌బ్రిడ్జ్‌లో ఇళ్లు దోచుకుని కొందర్ని బందీలుగా పట్టుకుపోతుంటే షెఫీల్డ్ దగ్గర పోరు జరిగింది. ఆ దోపిడీని నేను సమర్థించను. కానీ అది తిరుగుబాటు చివర్లో తెగించిన ఒక ముఠా పని. దాన్ని చూపించి నార్తాంప్టన్ నాటి జనాన్ని దోపిడీదారులనడం న్యాయం కాదు.

మళ్లీ మీ మొదటి ప్రశ్న. తర్వాత క్షమాభిక్ష కోసం సుమారు 4 వేల మంది సంతకాలు పెట్టారు, ఆ జాబితాలు ఉన్నాయి. వాటిని కోర్టు రికార్డులతో పోల్చి చూస్తే అప్పుల కేసులు ఎక్కువగా ఉన్న ఊరే ఎక్కువమంది తిరుగుబాటుదారులను పంపిందని తేలలేదు. పెల్‌హామ్, కోల్‌రెయిన్ లాంటి ఊళ్లు మూకుమ్మడిగా కదిలాయి. అదే కష్టాలున్న పక్క ఊరు కదల్లేదు. బంధుత్వం, చర్చి, మిలీషియా దళం, ఇవి జనాన్ని కదిలించాయి. సంతకం పెట్టినవాళ్లలో బాకీ దావా లేనివాళ్లు చాలామంది, అప్పు ఇచ్చినవాళ్లు కూడా కొందరు ఉన్నారు. పన్ను మాత్రం అందరి మీదా ఉంది. పక్కనే ఉన్న రోడ్ ఐలండ్ చూడండి. అక్కడ రైతుల పక్షం 1786లో ఎన్నికల్లో గెలిచి కాగితం డబ్బు ముద్రించింది. వర్తకులు నానా గొడవ చేశారు, ఆ డబ్బు విలువ పడిపోయింది కూడా. కానీ మసాచుసెట్స్ తరహా సాయుధ తిరుగుబాటు అక్కడ రాలేదు.

1787 ఫిబ్రవరిలో తెచ్చిన చట్టం తిరుగుబాటుదారులకు మూడేళ్లపాటు ఓటు, పదవి, జ్యూరీలో కూర్చునే హక్కు తీసేసింది. బడిపంతులు పని, పూటకూళ్ల ఇల్లు నడపడం కూడా నిషేధించింది. అంత చేసినా ఆ వసంతంలో జరిగిన ఎన్నికల్లో బౌడిన్ చిత్తుగా ఓడాడు, జాన్ హాన్‌కాక్ గెలిచాడు, శాసనసభ చాలావరకు కొత్త మొహాలతో నిండింది. ప్రత్యక్ష పన్నులు బాగా తగ్గాయి, బాకీల వసూలుకు గడువులు వచ్చాయి, ఆంక్షలు సడలాయి. మరణశిక్ష పడ్డవాళ్లలో దాదాపు అందరికీ క్షమాపణ దొరికింది. దొంగతనం నేరం కింద జాన్ బ్లై, చార్లెస్ రోజ్ అనే ఇద్దర్ని మాత్రం డిసెంబరులో లెనాక్స్‌లో ఉరి తీశారు. షేస్‌కు 1788లో క్షమాపణ వచ్చింది. చివర్లో యుద్ధ సేవకు పింఛను కూడా పొంది, 1825లో న్యూయార్క్ రాష్ట్రంలో చనిపోయాడు. కాబట్టి రాష్ట్రం వరకు చూస్తే రైతులు మంచులో ఓడారు, ఓటులో గెలిచారు.

దేశం వరకు చూస్తే లెక్క తిరగబడింది. రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సభకు పిలుపు 1786 సెప్టెంబరులో అనాపొలిస్‌లో కలిసిన కొన్ని రాష్ట్రాల ప్రతినిధుల నుంచి వెళ్లింది, అంటే స్ప్రింగ్‌ఫీల్డ్ కాల్పులకు నాలుగు నెలల ముందే. కానీ ఈలోపు యుద్ధ కార్యదర్శి హెన్రీ నాక్స్ జార్జ్ వాషింగ్టన్‌కు ఉత్తరం రాశాడు: దేశంలోని ఆస్తిని అందరూ కలిసి కాపాడారు కాబట్టి అది అందరికీ చెందాలన్నదే వీళ్ల సిద్ధాంతం అని. హ్యాట్‌ఫీల్డ్ కాగితంలో అలాంటి మాట లేదని పైన చెప్పాను. వాషింగ్టన్ మాత్రం నిజంగా కంగారుపడ్డాడు. ప్రతి రాష్ట్రంలోనూ నిప్పురవ్వ పడితే అంటుకునే సరుకు ఉందని రాశాడు. ఇల్లు కదలకూడదనుకున్న ఆయన ఫిలడెల్ఫియాకు వెళ్లడానికి ఒప్పుకోవడంలో ఈ భయానికి వాటా ఉంది. లండన్‌లో అమెరికా రాయబారి భార్య అబిగైల్ ఆడమ్స్ వీళ్లను అజ్ఞానులు, తెగించినవాళ్లు అని రాసింది. ప్యారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న జెఫర్సన్ మాత్రం అప్పుడప్పుడు చిన్న తిరుగుబాటు మంచిదే అన్నాడు.

వకీలుగా నేను చూసేది రాజ్యాంగం మొదటి ఆర్టికల్, పదో సెక్షన్. రాష్ట్రాలు కాగితం డబ్బు విడుదల చేయకూడదు, అప్పు తీర్చడానికి బంగారం వెండి తప్ప మరొకటి చెల్లుతుందని చట్టం చేయకూడదు, ఒప్పందాల బాధ్యతను పలచన చేసే చట్టం చేయకూడదు. రోడ్ ఐలండ్ మార్గం దీంతో మూసుకుపోయింది. అల్లర్లు అణచడానికి మిలీషియాను పిలిచే అధికారం కేంద్రానికి వచ్చింది. దాన్ని వాడే అవసరం 1794లో, పెన్సిల్వేనియా విస్కీ పన్ను గొడవప్పుడు పడింది. 1788 ఫిబ్రవరిలో మసాచుసెట్స్ ఈ రాజ్యాంగాన్ని 187-168 ఓట్లతో అంగీకరించింది. వూస్టర్, హ్యాంప్‌షైర్, బర్క్‌షైర్ ప్రతినిధుల్లో ఎక్కువమంది వద్దన్నారు.

వూస్టర్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. పెల్‌హామ్ మీదుగా వెళ్లే 202 నంబరు రోడ్డుకు ఇప్పుడు డేనియల్ షేస్ హైవే అని పేరు. షెఫీల్డ్‌లో చివరి పోరు జరిగిన చోట ఒక రాయి కూడా ఉంది. ఇంకా చదవాలనుకుంటే మాత్రం నాక్స్ ఉత్తరంతో మొదలుపెట్టకండి. ముందు హ్యాట్‌ఫీల్డ్ ఫిర్యాదుల పట్టిక చదవండి, తర్వాత 1786 మార్చి పన్ను చట్టం, ఆ తర్వాత షెపర్డ్ గవర్నర్‌కు రాసిన నివేదిక. ఈ మూడూ వరసగా చదివాక నాక్స్ ఉత్తరం దగ్గరికి రండి. ఆయన ఏమి విన్నాడు, ఏమి ఊహించుకున్నాడు అన్నది మీకే వేరుగా కనిపిస్తుంది.